సాంకేతిక వెబ్‌సైటుకు ఏ సంస్థలవారు వస్తున్నారో తెలుసుకోవడం: నా అనుభవం

మీ సాంకేతిక వెబ్‌సైటును ఏయే సంస్థలవారు చూస్తున్నారో గూగుల్ అనలిటిక్స్‌లో (సైటు సందర్శనలను లెక్కించే గూగుల్ సేవ) తెలియడం లేదని, ఊరి పేరు తప్ప మరేమీ కనిపించడం లేదని అడిగారు. విశాఖపట్నంలో ఉంటూ, సముద్రపు గాలికి ఉక్కు తుప్పు పట్టకుండా కాపాడే పద్ధతుల మీద 2018 నుంచి ఒక చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. ఇదే ప్రశ్న నన్నూ చాలాకాలం వేధించింది.

ఆ సేవ పాత రూపమైన యూనివర్సల్ అనలిటిక్స్‌లో ‘సర్వీస్ ప్రొవైడర్’, ‘నెట్‌వర్క్ డొమైన్’ అనే వివరాలు ఉండేవి. సొంత నెట్‌వర్క్ ఉన్న విశ్వవిద్యాలయాలు, పెద్ద కర్మాగారాల పేర్లు అక్కడ నేరుగా కనిపించేవి. 2020 ఫిబ్రవరిలో గూగుల్ వాటిని ఆపేసింది. దాని ఇప్పటి రూపమైన జీఏ4 ఐపీ చిరునామాలను (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యలు) అసలు నిల్వ చేయదు కనుక అందులో ఎంత వెదికినా ఫలితం ఉండదు.

మీకు మిగిలిన ఆధారం సర్వర్ లాగ్, అంటే సైటు నడిచే కంప్యూటర్ ప్రతి సందర్శననూ రాసుకునే చిట్టా. అపాచీ, ఎంజిన్‌ఎక్స్ వంటి సర్వర్ సాఫ్ట్‌వేర్లు ఐపీ చిరునామా, సమయం, అడిగిన పేజీ, బ్రౌజర్ వివరం వరుసగా రాసిపెడతాయి. ఆ ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్‌లో (ఐపీని బట్టి పేరు వెదికే పద్ధతి) ఏ పేరుందో, హూఈజ్‌ అనే నమోదు వివరాల సేవలో ఆ చిరునామాల వరుస ఎవరి పేరిట నమోదైందో చూడండి. మన ప్రాంతపు చిరునామాల నమోదు ఏపీనిక్ (ఆసియా-పసిఫిక్ ప్రాంతపు ఐపీల నమోదు సంస్థ) దగ్గర ఉంటుంది. సైటు క్లౌడ్‌ఫ్లేర్ వంటి, సందర్శకులకూ సర్వర్‌కూ మధ్య నిలిచే సేవ వెనుక ఉంటే మాత్రం, ప్రత్యేకంగా అమర్చుకోనంత వరకు లాగ్‌లో పడేది ఆ సేవ ఐపీయే. ఈ సంగతి గ్రహించడానికి నాకు వారం పట్టింది.

వచ్చిన పేర్లను జల్లెడ పట్టడమే అసలైన పని. చాలా వరుసల్లో జియో, ఎయిర్‌టెల్ వంటి పేర్లే ఉంటాయి. మొబైల్ నెట్‌వర్కుల్లో ఒకే ఐపీని ఎందరో పంచుకుంటారు కాబట్టి వాటిని వదిలేయాలి. అమెజాన్ వంటి డేటా సెంటర్ల నుంచి వచ్చేవి ఎక్కువగా బాట్‌లు, అంటే మనుషులు కాక తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములు. మధురవాడలో ఇంటి నుంచి పనిచేసే ఇంజినీరు బ్రాడ్‌బ్యాండ్ సంస్థ పేరుతో కనిపిస్తారు. బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్‌తో నడిచే చిన్న వర్క్‌షాపు పేరు ఎన్నటికీ కనిపించదు. అందుచేత ఈ జాబితాలో పెద్ద సంస్థలే మిగులుతాయి, చిన్నవారు లేరని దాని అర్థం కాదు.

మిగిలిన పేర్లను కూడా తొందరపడి నమ్మకండి. ఒకసారి కేథోడిక్ ప్రొటెక్షన్ (విద్యుత్ రసాయన పద్ధతిలో తుప్పు ఆపడం) లెక్కల పేజీని ఒక పెద్ద సంస్థ నెట్‌వర్క్ నుంచి పది రోజులపాటు చూస్తూ ఉండటం గమనించి, వారికేదో పని పడిందనుకుని మెయింటెనెన్స్ విభాగానికి ఫోన్ చేశాను. ఆ పేజీ చదువుతున్నది అక్కడ శిక్షణకు వచ్చిన డిప్లొమా విద్యార్థి అని తేలింది. “మావాళ్లు ఏం చదువుతున్నారో మీకెలా తెలుసండీ?” అని అక్కడి అధికారి అడిగినప్పుడు నా దగ్గర సరైన సమాధానం లేదు. లాగ్ చెప్పేది కనెక్షన్ ఎవరిదో మాత్రమే; మనిషి ఎవరో, ఎందుకు వచ్చారో అది చెప్పదు. ఆ తర్వాత లాగ్ చూసి ఎవరినీ సంప్రదించలేదు.

ఇప్పుడు సంస్థ పేరుకన్నా ఏ రకం సంస్థ, ఏ పేజీ, ఏ వేళ అన్నదే చూస్తున్నాను. విద్యాసంస్థల నుంచి వచ్చేవారు మౌలికాంశాల పేజీల్లో ఎక్కువసేపు ఉంటున్నారు. కర్మాగారాల నెట్‌వర్కుల నుంచి పూత మరమ్మతు పేజీకి రాత్రి రెండు, మూడు గంటలకు కూడా వస్తున్నారు (లాగ్ సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటే, మన సమయానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి). నైట్ షిఫ్ట్‌లో ఉన్నవారు వ్యాసం చదువుతూ కూర్చోలేరు కదా అనిపించి, ఆ పేజీ మొదట్లోనే ఉపరితల శుభ్రత, పూత మందం, ఆరే సమయం ఒక్క పట్టికలో పెట్టాను. ఇన్నేళ్లలో ఈ లాగ్‌ల వల్ల నేను చేసిన అత్యంత ఉపయోగకరమైన మార్పు అదే.

ఐపీలను నెల తర్వాత తుడిచేసి, సంస్థ రకం, పేజీ మాత్రమే ఉంచుకుంటున్నాను. ఆ విషయం సైటులోనూ రాశాను. పట్టిక డౌన్‌లోడ్ దగ్గర “ఏ పని కోసం వాడుతున్నారు?” అనే ప్రశ్న పెట్టాను, జవాబివ్వడం ఐచ్ఛికమే. సంస్థ పేరు చెప్పదలచినవారు అక్కడ తామే రాస్తున్నారు.