ముప్పై దాటాక మళ్లీ కామిక్స్ చదవాలంటే ఎంతవుతుంది?

చిన్నప్పుడు వదిలేసిన సూపర్‌హీరో కామిక్స్ మళ్లీ మొదలుపెడితే ఖర్చెంత అని అడిగారు కదా, విడి సంచికలు కొంటే మాత్రం జేబుకు చిల్లే. మార్వెల్, డీసీ అనే పెద్ద కామిక్స్ కంపెనీల మామూలు సంచిక అమెరికాలోనే నాలుగైదు డాలర్లు, అంటే మన డబ్బుల్లో 300 దాటుతుంది, ఇక్కడికి తెప్పించే ఖర్చు వేరే. అందులో కథ దాదాపు 20 పేజీలే. టీ చల్లారేలోపు అయిపోతుంది, పైగా సరిగ్గా హీరో లోయలోకి జారే బొమ్మ దగ్గర ఆపేసి మిగతాది వచ్చే సంచికలో అంటారు! అందుకే ఐదారు సంచికలు కలిపి వేసే పేపర్‌బ్యాక్ కొనండి, సాధారణంగా చవక, కథ కూడా ఒక కొలిక్కి వస్తుంది. ఇక మన దేశంలో ఫాంటమ్, మాండ్రేక్ కథలు వేసిన పాత ఇంద్రజాల్ కామిక్స్ 1990లోనే ఆగిపోయాయి, ఇప్పుడు దొరికేవి ఎక్కువగా సేకరించేవాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిందే ధర. పసుపెక్కిన ఆ కాగితం వాసన కోసం ఒక్కటి మాత్రం తప్పకుండా కొనుక్కోండి.