అలలు, ఉప్పెనల మీద పరిశోధన చేసేవాళ్లు రోజూ ఏం చేస్తారు? అసలు ఉప్పెనంటే పెద్ద అలే కదా?

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితేగాని మా పనేమిటో అర్థం కాదు.

ఉప్పెన పెద్ద అల కాదు. అల పది పన్నెండు సెకన్లలో లేచి పడిపోతుంది. ఉప్పెనలో సముద్రమట్టమే పైకి లేచి గంటల తరబడి దిగకుండా ఉంటుంది. తుఫాను గాలి నీటిని ఒడ్డుకు నెడుతుంది. లోతున్న చోట అలా వచ్చిన నీరు అడుగు నుంచి వెనక్కి జారిపోతుంది. లోతు లేని చోట జారడానికి దారుండదు, పోగవుతుంది. వాయుపీడనం పడిపోవడం వల్ల కూడా మట్టం లేస్తుందిగానీ ఆ వాటా చిన్నది. మిల్లీబారు తగ్గితే ఒక సెంటీమీటరు, అంతే. 70 మిల్లీబార్లు పడిపోయిన భీకర తుఫానులో కూడా దాని వల్ల లేచేది 70 సెంటీమీటర్లే. మిగతాది చాలావరకు గాలి పని.

గాలి కన్నా సముద్రపు నేల ముఖ్యమని నాకు మొదటి ఏడాది ఓ చిన్న లెక్క నేర్పింది. సెకనుకు 40 మీటర్ల గాలి, 10 మీటర్ల లోతున్న నీటి మీద 50 కిలోమీటర్ల మేర నిలకడగా వీస్తే ఒడ్డున నీరు సుమారు 2 మీటర్లు లేస్తుంది. లోతు 100 మీటర్లయితే, అదే గాలికి 20 సెంటీమీటర్లు. బంగాళాఖాతం ఉత్తర కొస అంత ప్రాణాంతకం కావడానికి, 1970 భోలా తుఫానులో 3 లక్షల మందికి పైగా పోవడానికి ఒక పెద్ద కారణం అక్కడి తక్కువ లోతే. 1977 దివిసీమలోనూ ఊళ్లను ఊడ్చుకుపోయింది ఉప్పెన నీరే.

అందుకే 'ఎన్నో కేటగిరీ తుఫాను?' అని ఎవరైనా అడిగితే నాకు కొంచెం చిరాకు. ఆ అంకె గాలి వేగాన్నే చెబుతుంది. 1969లో కెమిల్ తుఫాను ఐదో కేటగిరీగా అమెరికాలోని మిసిసిపీ తీరాన్ని దాటింది. 2005లో కత్రినా తీరం దాటేసరికి మూడో కేటగిరీయే. కానీ కత్రినా చాలా విశాలమైనది, గాలి ఎక్కువ దూరం మీద ఎక్కువసేపు నీటిని తోసింది. దాని ఉప్పెన 8 మీటర్లు దాటి కెమిల్‌ని మించిపోయింది. 'కెమిల్‌నే తట్టుకున్నాం, ఇదెంత' అని ఇళ్లల్లో ఉండిపోయినవాళ్లు ఉన్నారు. చివరికి 2010లో అమెరికా వాతావరణ అధికారులు ఆ కేటగిరీల పట్టికలోంచి ఉప్పెన ఎత్తుల్ని తీసేశారు.

ఇక మా పని. ఎక్కువ భాగం కంప్యూటర్ ముందే. ఉప్పెనకు ఆడ్‌సర్క్, అలలకు స్వాన్ వంటి మోడళ్లు వాడతాం. రెండూ ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినవే, కాబట్టి 'ఆ పాత భాష ఎందుకు' అనుకోకండి. సముద్రాన్ని చిన్న చిన్న త్రికోణాలుగా కోసి, ప్రతి మూలకూ లోతు ఇచ్చి, పైన గాలి పెట్టి నడపడమే. చెప్పడానికి ఒక వాక్యం, నాకు పట్టింది ఏడాదిన్నర.

ఎందుకంటే, పీహెచ్‌డీ రెండో ఏడు ఒక పాత తుఫానును మళ్లీ నడిపి చూశాను. తీరంలో సముద్రమట్టాన్ని కొలిచే టైడ్ గేజ్ చూపిన దానికన్నా నా మోడల్ దాదాపు 40 సెంటీమీటర్లు ఎక్కువ చూపింది. గాలి నీటిని ఎంత గట్టిగా ఈడుస్తుందో చెప్పే గుణకం ఒకటుంటుంది. దాన్ని కాస్త తగ్గించాను. సరిపోయింది! రెండు నెలలు ఆ గ్రాఫు చూసుకుని మురిసిపోయాను. తర్వాత లోతైన తీరం వైపు దాటిన ఇంకో తుఫానును నడిపితే నీరు బాగా తక్కువ వచ్చింది. ఏం చేసినా కుదరలేదు. మా గైడ్ ఫైళ్లన్నీ తిప్పి ఒకటే అడిగారు: 'నీ సున్నా ఎక్కడుంది?'

నావికుల చార్టుల్లో లోతును బాగా ఆటు ఉన్నప్పటి మట్టం నుంచి కొలుస్తారు, ఓడ అడుగు తగలకూడదు కనుక. నేల మీద ఎత్తుల్ని మాత్రం సగటు సముద్రమట్టం నుంచి లెక్కిస్తారు. నేను రెండింటినీ ఒకే సున్నా అనుకుని కలిపేశాను. ఆ తీరంలో ఆ తేడా ఒకటిన్నర మీటర్లు. అంటే నా సముద్రం ఉన్నదానికన్నా ఒకటిన్నర మీటర్లు తక్కువ లోతుతో తయారైంది. లోతు తక్కువున్న చోట ఉప్పెన పొంగింది, దాన్ని అణచడానికి నేను గాలి గొంతు నొక్కాను. లోతైన చోట ఒకటిన్నర మీటరు లెక్కలోకే రాదు, కానీ గొంతు నొక్కిన గాలి మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు ఎవరి మోడల్ గ్రాఫు ముచ్చటగా సరిపోయినా నాకు ముందు అనుమానమే వస్తుంది.

అలలు ఇందులో ఎక్కడొస్తాయంటే, ఉప్పెన వాటికి దారి వేస్తుంది. అల తన ఎత్తుకు తగిన లోతు లేకపోతే విరిగిపోతుంది. సుమారుగా ఉన్న లోతులో నాలుగింట మూడు వంతులు దాటి ఎదగలేదు. మామూలు రోజున ఒడ్డు రోడ్డు మీదికి అల రాదు. ఆ రోడ్డు మీద 2 మీటర్ల నీరు నిలిస్తే ఒకటిన్నర మీటరు అల దాని మీద నడిచి వచ్చి గోడల్ని బాదుతుంది. నీరు ముంచుతుంది, అల కూలుస్తుంది.

ల్యాబ్‌లో వేవ్ ఫ్లూమ్ ఉంటుంది, పొడవాటి నీటి కాలువ, ఒక చివర అలలు పుట్టించే పలక. రాళ్ల కట్ట నమూనాను 25వ వంతుకు కుదిస్తే కాలం ఐదో వంతుకు కుదించుకుపోతుంది. 10 సెకన్ల అల 2 సెకన్లవుతుంది, మూడు గంటల తుఫాను 36 నిమిషాల్లో అయిపోతుంది. రాళ్లకు వరసవారీగా రంగులేస్తాం, ఏ రాయి ఎక్కణ్ణుంచి దొర్లిందో తెలియడానికి. ఒక్కో పరీక్షకూ మధ్య నీరు నిమ్మళించేదాకా ఊరికే కూర్చోవాలి. నా రీసెర్చిలో సగం పేపర్లు ఆ ఖాళీల్లో చదివినవే.

తుఫాను వెళ్లాక నీటి గుర్తులు కొలవడానికి వెళ్తాం. ఇంటి బయటి గోడ మీది బురద గీతను నమ్మకూడదు, అది అల చిమ్మినది కావచ్చు. తలుపులు మూసి ఉన్న గదిలో, బీరువా వెనక తిన్నగా ఉన్న గీత దొరికితే అది నీరు నిలిచిన మట్టం. అది దొరికిన రోజు మాకు పండగే. అయితే ఆ ఇంటి మనిషి పక్కన నిలబడి చూస్తుంటే ఆ ఆనందం ముఖంలో కనిపించకుండా చూసుకోవాలి.

మాట గురించి ఒక ముక్క. 2013లో హయాన్ తుఫాను వచ్చినప్పుడు ఫిలిప్పీన్స్‌లో 'స్టార్మ్ సర్జ్' అని ముందే హెచ్చరించారు. చాలామందికి ఆ మాటే అర్థం కాలేదు, సునామీ అనుంటే పారిపోయేవాళ్లమని తర్వాత చెప్పారు. మనకు ఉప్పెన అనే మాట ఉంది, అదృష్టం. కాకపోతే సునామీనీ కొందరు ఉప్పెన అనే అంటారు, అక్కడే మీలాంటి ప్రశ్నలు పుడతాయి.

సముద్రంలోకి వెళ్తారా అని కూడా అడుగుతారు అందరూ. వెళ్తాం, నీటి మీద తేలుతూ కొలిచే బోయాలు, పీడన సెన్సర్లు దించడానికి, ఏడాదిలో పదీ పన్నెండు రోజులు. నాకు పడవ పడదు. మొదటి ట్రిప్పులో తిరిగి ఒడ్డుకొచ్చేదాకా బకెట్ వదల్లేదు. సరంగు నవ్వాపుకుంటూ ఏం చదువుతున్నావని అడిగితే, అలల గురించి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.