ఫోటోల్లో బైకులు ఆగి ఉన్నట్టు పడుతున్నాయా? షట్టర్ స్పీడ్ తగ్గించండి

అన్నా, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసులో తీసిన బైకులు స్టాండు వేసి ఆపినట్టు ఉన్నాయన్నారు కదా. కారణం మీ చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కాదు, మీరు పెట్టిన 1/2000 సెకను షట్టర్ స్పీడ్. టైరు మీది అక్షరాలు కూడా చదవగలిగితే ఇక వేగం ఎక్కడ కనిపిస్తుంది? షట్టర్ ప్రయారిటీలో (షట్టర్ స్పీడ్ మనమే ఎంచుకునే మోడ్) 1/125 పెట్టి, కదిలే బండిని వదలకుండా పట్టే కంటిన్యువస్ ఫోకస్‌తో, బైకు వెంటే నడుము తిప్పుతూ నొక్కండి. నొక్కాక కూడా తిప్పడం ఆపొద్దు, అసలు కిటుకు అక్కడే ఉంది. ఎండకి ఫోటో మరీ తెల్లగా వస్తే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 100కి దించండి, అదీ చాలకపోతే లెన్సు ముందు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) వద్దు, చాలా కెమెరాల్లో చక్రాలు వంకరగా వస్తాయి. మొదట్లో చాలా ఫోటోలు చెడిపోతాయి, టెన్షన్ పడకండి. సాధనకి తిరుపతి దగ్గరి చంద్రగిరి రోడ్డు బస్సులు చాలు, కాస్త దూరంగా నిలబడి తీయండి. తిరుమల ఘాట్ మలుపుల్లో మాత్రం బండి ఆపొద్దు.