ఇంజనీరింగ్ విద్యార్థులు, ప్రపంచ సమస్యలు: కోనసీమ తరగతి గదిలో నేను చూసినది

ఇంజనీరింగ్ చదివే పిల్లలు ప్రపంచ సమస్యలను నిజంగా ఎలా చూస్తారు, వాటిని ఎదుర్కోవడానికి ఏ నైపుణ్యాలు కావాలని అనుకుంటారు, ఆ అనుకోవడంలో నిజమెంత అని మీరు అడిగారు. కోనసీమలోని ఒక ప్రైవేటు కళాశాలలో పదకొండేళ్ళుగా సివిల్ శాఖలో పాఠాలు చెబుతున్నాను. అంతకుముందు ఈ ప్రాంతంలోనే అదే చదువు చదువుకున్నాను. కాబట్టి నేను చెప్పేదంతా ఈ డెల్టా పిల్లల గురించే.

ప్రతి సంవత్సరం పర్యావరణ శాస్త్రం మొదటి తరగతిలో, పాఠం మొదలుపెట్టక ముందే, పిల్లలకు తలా ఒక అరఠావు ఇచ్చి రెండు ప్రశ్నలు అడుగుతాను. ప్రపంచానికి ఉన్న పెద్ద సమస్య ఏది, దాన్ని పరిష్కరించే ఇంజనీరుకు ఏ నైపుణ్యం ఉండాలి అన్నవి ఆ ప్రశ్నలు. పేరు రాయనక్కరలేదు, మార్కులు లేవు. మొదటి ప్రశ్నకు జవాబులు దాదాపు ఏటా ఒకటే వరుసలో వస్తాయి. భూతాపం, కాలుష్యం, నిరుద్యోగం, అవినీతి, జనాభా. కోవిడ్ తరువాత రెండేళ్ళపాటు మహమ్మారి అన్న మాట పైకి వచ్చి మళ్ళీ కిందికి జారిపోయింది. ఇటీవలి కాగితాల్లో కృత్రిమ మేధ ఉద్యోగాలను మింగేస్తుందన్న భయం కనిపిస్తోంది, అది కూడా కంప్యూటర్ శాఖ పిల్లల కాగితాల్లోనే ఎక్కువ. రెండవ ప్రశ్నకు జవాబులు ఇంకా సులువుగా ఊహించవచ్చు: కమ్యూనికేషన్ స్కిల్స్, కోడింగ్, లీడర్‌షిప్, టీమ్ వర్క్.

ఈ కాగితాలను ఒకచోట పెట్టి చదివినప్పుడు నాకు తట్టిన విషయం ఏమిటంటే, వాటిలో సమస్య ఎప్పుడూ ఇంకెక్కడో ఉంటుంది. ధ్రువప్రాంతంలో కరిగే మంచు ఉంటుంది, ఢిల్లీ పొగ ఉంటుంది, నీళ్ళు లేని ఆఫ్రికా గ్రామం ఉంటుంది. మన ఊరు ఉండదు. 2022 జులైలో గోదావరికి వచ్చిన వరద ధవళేశ్వరం దగ్గర మూడవ ప్రమాద హెచ్చరిక దాటి, 25 లక్షల క్యూసెక్కులు మించి సముద్రంలోకి పోయింది. 1986లో వచ్చిన సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరదను మా నాన్నగారి తరం ఇప్పటికీ లెక్కకు తెచ్చుకుంటుంది గాని, ఈ పిల్లలకు తెలిసిన పెద్ద వరద ఇదే. గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలు పది పన్నెండు రోజులు కళాశాలకు రాలేదు. ఆ తరువాత తరగతిలో ఒక అమ్మాయి తను రాసిన కాగితాన్ని తానే చదివి వినిపించింది. అందులో ధ్రువాల మంచు గురించి చక్కగా ఎనిమిది వాక్యాలు ఉన్నాయి. మరి మొన్నటి వరద సంగతేమిటమ్మా అని అడిగితే, "అది మా ఊరి సంగతి కదా సార్, ప్రపంచ సమస్య కాదు కదా" అంది. వాళ్ళ ఇంట్లో గుమ్మం ఎత్తున నీళ్ళు నిలిచి అప్పటికి నెల కూడా కాలేదు.

ఒక్క వరదను చూపించి ఇది భూతాపం వల్లే వచ్చిందని చెప్పడం శాస్త్రం కాదు, ఆ మాట ఆ అమ్మాయికీ చెప్పాను. అయితే వరద నీటిలో మునిగిన వరి బతకడం ప్రపంచ సమస్య అవునా కాదా అన్నది వేరే ప్రశ్న. ఆ రోజు పాఠం పక్కన పెట్టి స్వర్ణ వరి గురించి మాట్లాడాను. స్వర్ణకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఎంటీయూ 7029, అందులో ఎంటీయూ అంటే పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధనా స్థానం. రెండు వారాల వరకు నీటి అడుగున ఉన్నా చచ్చిపోని గుణం ఒడిశాకు చెందిన ఒక పాత వరి రకంలో ఉందని గుర్తించి, ఆ జన్యువును ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ మన స్వర్ణలోకి తీసుకువచ్చింది. స్వర్ణ సబ్-1 అన్న పేరుతో అది 2009లో మన దేశంలో విడుదలయింది. తరగతిలో సగానికి పైగా పిల్లల ఇళ్ళలో స్వర్ణ పండించి ఉంటారు. ఈ కథ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళ పుస్తకంలో ఆ పేజీ లేదు.

అమెరికా జాతీయ ఇంజనీరింగ్ అకాడమీ 2008లో ఇరవై ఒకటవ శతాబ్దపు ఇంజనీర్లు ఎదుర్కోవలసిన పద్నాలుగు మహా సవాళ్ళను ప్రకటించింది. సౌరశక్తిని చవకగా అందించడం, అందరికీ మంచినీరు, సైబర్ భద్రత, మెదడు పనితీరును విప్పి చూడడం వంటివి అందులో ఉన్నాయి. ఆ జాబితాను ఏటా బోర్డు మీద రాస్తాను. అన్నింటికీ తల ఊపే పిల్లలు ఒక్కదాని దగ్గర నవ్వుతారు, అది నత్రజని చక్రాన్ని అదుపులో పెట్టడం. పదవ తరగతిలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పాఠానికీ ఇంజనీరుకూ ఏం సంబంధమని వాళ్ళ నవ్వు. అప్పుడు దాళ్వాలో, అంటే రబీ పంటకు, మీ ఇంట్లో ఎకరానికి ఎన్ని బస్తాల యూరియా వేస్తారని అడుగుతాను. రెండు, రెండున్నర, మూడు అని వేళ్ళు లేస్తాయి. బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే బస్తాకు దాదాపు 20.7 కిలోలు. మూడు బస్తాలకు 62 కిలోలు. వేసిన నత్రజనిలో వరి పైరు తీసుకునేది సాధారణంగా 30 నుంచి 40 శాతం మాత్రమే. మిగిలింది ఎక్కడికి పోయిందో లెక్క తేల్చమంటే తరగతి నిశ్శబ్దమవుతుంది. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీటితో మురుగు కాలువలోకి పోతుంది, కొద్ది భాగం నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. నూరేళ్ళ లెక్కన చూస్తే ఆ వాయువు బరువుకు బరువు బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 270 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ యూరియా తయారయ్యేది సహజవాయువుతో, ఆ వాయువు మన పొలాల కింద కూడా ఉంది. 1995 జనవరిలో ఇక్కడి పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి 65 రోజులు మంటలు ఆరకపోవడం వాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు కళ్ళారా చూసినదే. ఇంత చెప్పిన తరువాత ఆ జాబితాలో నత్రజనిని చూసి నవ్వినవాళ్ళు లేరు.

ఇక నైపుణ్యాల మాట. 2014లో మన దేశం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. అప్పటి నుంచి ప్రతి ఇంజనీరింగ్ పట్టభద్రుడికీ ఉండవలసిన లక్షణాలు మా కోర్సు ఫైళ్ళలో అచ్చయి ఉంటున్నాయి. సమాజం పట్ల బాధ్యత, పర్యావరణం, నీతి, బృందంలో పని చేయడం, జీవితాంతం నేర్చుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. జాబితా మంచిదే. అయితే ఫలానా విద్యార్థిలో నీతి 2.4 పాయింట్ల మేరకు సిద్ధించిందని ఎక్సెల్ పట్టికలో లెక్క కట్టి తనిఖీ బృందానికి చూపించే పని నేనూ చేశాను కనుక, దాని గురించి ఎక్కువ మాట్లాడే అర్హత నాకు లేదు. నేను నేర్చుకున్నది రెండు ప్రాజెక్టుల దగ్గర.

మొదటిది రొయ్యల చెరువు. ఎలక్ట్రానిక్స్, సివిల్ పిల్లలు కలిసి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఫోనుకు పంపే పరికరం చేశారు. చెరువులో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా తానే వాడుకుంటుంది, అందువల్ల తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. అందుకే నీటిలో గాలి కలిపే ఏరేటర్లు నడుపుతారు. ఆలోచన సరైనదే, బహుమతి కూడా వచ్చింది. చెరువులో పెట్టిన పది రోజులకు పరికరం మూతి మీద నాచు పట్టి, చూపించే అంకెలన్నీ తప్పయిపోయాయి. రైతు కోప్పడలేదు. "రొయ్య తేలిందంటే నాకు తెలుస్తుందండి, దానికి ఫోను అక్కరలేదు. అర్ధరాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోతే, కాపలావాడు నిద్రలో ఉంటే, నాకు తెలియదు. అది చెప్పే మిషను ఉంటే చెప్పండి" అన్నాడు. పిల్లలు వారం రోజుల్లో కరెంటు పోగానే మూడు నంబర్లకు మిస్డ్ కాల్ ఇచ్చే చిన్న పెట్టె చేసి ఇచ్చారు. దానికి బహుమతి రాలేదు. చుట్టుపక్కల మరో నలుగురు రైతులు అడిగి చేయించుకున్నారు. మొదటి రోజునే ఆ రైతును అడిగి ఉంటే ఒక సెమిస్టరు మిగిలేదని, పిల్లల కంటే ముందు నాకు తట్టవలసింది.

రెండవది మురుగు కోడు, అంటే పొలాల మురుగునీరు బయటికి పోయే కాలువ. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) ఊడ్పులు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు, వాళ్ళు చెప్పిన కారణాల్లో మురుగు పారకపోవడం ఒకటి. మా కళాశాలకు దగ్గరలోనే, వాన కురిస్తే వారం రోజులు పైరు నీటిలో నిలిచే ఊరు ఒకటి ఉంది. ఫైనల్ ఇయర్ పిల్లలు ఐదుగురు, అందులో ఇద్దరు అమ్మాయిలు, నీటిమట్టం తెలిపే సెన్సర్లు పెట్టి యాప్ చేస్తామన్నారు. నేనూ సరేనన్నాను. ఆ ఊళ్ళో ఉద్యోగ విరమణ చేసిన లస్కరు, అంటే కాలువల మీద నీటి కాపలా చూసిన ఉద్యోగి, ఒకాయన ఉన్నాడు. పిల్లలు చెప్పినదంతా విని, "నీళ్ళు ఎంతున్నాయో చెప్పడానికి మిషనెందుకండి బాబూ, చేలోకి దిగితే మోకాలే చెబుతుంది. ఎందుకు పోవట్లేదో చెప్పండి, ఆయ్" అన్నాడు. మేము అనుకున్న పని ఆ మాటతో అక్కడే ఆగిపోయింది.

ఆ తరువాత మూడు వారాలు నేల ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్, దానితో చూసే కొలబద్ద స్టాఫ్ పట్టుకుని పిల్లలు గట్ల వెంట తిరిగారు. సర్వే లాబ్‌లో రికార్డు పుస్తకం కోసం తప్ప ఎన్నడూ లెవెల్ చూడని పిల్లలు. మొదటి రోజు వేసిన లెక్క చివర ముగింపు కలవలేదు, రెండవ రోజూ కలవలేదు. స్టాఫ్ పట్టుకున్న కుర్రాడు బురదలో దాన్ని నిలువుగా ఉంచలేకపోతున్నాడని అమ్మాయిల్లో ఒకరు కనిపెట్టింది. చివరికి తేలిందేమంటే, మూడు కిలోమీటర్ల పొడవున కోడు అడుగుభాగం వాలు జానెడు కూడా లేదు. డెల్టా నేల అంతే, దాన్ని తప్పు పట్టలేం. కానీ మధ్యలో రోడ్డు కింద వేసిన ఒక తూము అడుగు, ఎగువన కోడు అడుగు కంటే రెండడుగులకు దగ్గరగా ఎత్తులో ఉంది. అంటే ఆ మేరకు నీరు అక్కడ ఆగి తీరాలి. దానికి తోడు కోడు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేసి ఉంది, అమావాస్య పౌర్ణమి పోట్లకు సముద్రపు నీరు ఎదురెక్కుతుంది, కాబట్టి మురుగు బయటికి పోవడానికి దొరికే సమయం రోజుకు కొన్ని గంటలే. ఏ వేళకు పోటు తీస్తుందో లస్కరు నోటితో చెప్పిన లెక్కను పిల్లలు నాలుగు రోజులు గుర్తు పెట్టి చూశారు. పెద్దగా తేడా రాలేదు.

ఈ కోడు కథలో ప్రపంచ సమస్య ఎక్కడుందని మీరు అడగవచ్చు. సముద్రమట్టం పెరిగితే ఆ కొన్ని గంటలూ తగ్గిపోతాయి. ఎగువ ఆనకట్టలు ఒండ్రును ఆపేయడం వల్ల డెల్టాకు చేరే మట్టి తగ్గిందని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు, కాకినాడ పక్కన ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డును ఎలా కోసేస్తున్నదో బీచ్ రోడ్డు మీద పోయినవాళ్ళందరికీ తెలుసు. ఆ ఐదుగురు పిల్లలు సముద్రమట్టం గురించి పరీక్షలో రాసిన జవాబులు నేనే దిద్దాను. వాటిలో ఎక్కడా జానెడు వాలు అన్న మాట లేదు. ఇప్పుడు అడిగితే ముందు ఆ మాటే చెబుతారు.

కమ్యూనికేషన్ అన్న మాటకు మన పిల్లలు ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడడం అని అర్థం చెప్పుకుంటారు. ఇంటర్వ్యూ గదికి అది అవసరమే, అప్పు చేసి చదివించే తల్లిదండ్రులున్నప్పుడు ఆ గదిని చిన్నచూపు చూడమని నేను చెప్పను. అయితే ఆ తూము గురించి అర్జీ రాయవలసి వచ్చినప్పుడు, నలభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లీషులో రాసిన పిల్లలు తెలుగులో ఒక పేజీ రాయలేక రెండు రోజులు కూర్చున్నారు. మొదటి ప్రతిలో సర్వే నంబరు లేదు, రోడ్డు పేరు లేదు, ఏం చేయమని అడుగుతున్నారో లేదు. సమస్య తీవ్రతను వర్ణించే విశేషణాలు మాత్రం ఉన్నాయి. ఊరి రైతు ఒకాయన పక్కన కూర్చుని, ఎన్ని ఎకరాలు మునుగుతుందో, ఏ మైలురాయి దగ్గర తూము ఉందో, అడుగు ఎన్ని అంగుళాలు దించాలో రాయించారు. నా దృష్టిలో ఆ సంవత్సరం వాళ్ళు నేర్చుకున్న కమ్యూనికేషన్ అదే.

అర్జీ ఇచ్చిన కార్యాలయం వారు కోడు తమదే గాని రోడ్డు తమది కాదన్నారు. రోడ్డు ఎవరిదో వారిని అడిగితే, తూములో పారే నీరు తమ శాఖకు సంబంధించినది కాదన్నారు. ఈ విషయం ఏ సబ్జెక్టు సిలబస్‌లోనూ లేదు, కోర్సు ఫైళ్ళలోని ఆ లక్షణాల్లో దేని కింద వేయాలో నాకూ తెలియలేదు. ఆ బృందం రెండు కార్యాలయాల చుట్టూ ఆరు నెలలు తిరిగి పాసై వెళ్ళిపోయింది. వాళ్ళలో ఇద్దరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నారు, ఒకడు గల్ఫ్‌లో నిర్మాణ సంస్థలో ఉన్నాడు. వానాకాలం మొదలైనప్పుడల్లా ఫోను చేసి తూము సంగతి అడుగుతారు. అర్జీ ప్రస్తుతం రెండవ కార్యాలయంలో ఉంది, తూము అడుగు ఉన్నచోటే ఉంది. వాళ్ళ లెవెల్ పుస్తకాన్ని ఈ ఏటి బృందానికి ఇచ్చి, ఊడ్పులకు ముందే, ఎత్తు ముందే తెలిసిన గుర్తు అయిన బెంచ్ మార్క్ నుంచి మళ్ళీ కొలుచుకు రమ్మన్నాను.