హోస్ట్‌ను అడగండి, జవాబు మాత్రం రాతలోనే తీసుకోండి

అత్తమామలు, ఇద్దరు పిల్లలతో కలిసి ఆరుగురు మూడు రాత్రుల సెలవుకు వెళ్తున్నామని, హోటల్ బదులు ఇల్లు తీసుకోవాలని ఉందని, వందల ఇళ్లు కనిపిస్తుంటే ఎలా ఎంచుకోవాలో తెలియడం లేదని అడిగారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులని చివర్లో ఒక్క ముక్క రాశారు చూడండి, నా దృష్టిలో మీ ప్రశ్న అంతా అక్కడే ఉంది. ముందు ఆవిడకు సరిపోయే ఇల్లు వెతకండి. స్విమ్మింగ్ పూలు, బాల్కనీ, సోఫాలు తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, రెండేళ్ల క్రితం అమ్మ, అక్కావాళ్లు, మేము కలిసి ఏడుగురం ఇలాగే ఒక అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మూడో అంతస్తు. సౌకర్యాల జాబితాలో లిఫ్ట్ ఉందని రాసి ఉంది. బుక్ చేశాను కానీ మనసులో ఏదో పీకుతూనే ఉంది. డబ్బు పోకుండా రద్దు చేసుకునే గడువు ఇంకా రెండు రోజులు ఉండగా, "అమ్మకు మోకాళ్ల నొప్పులండీ, లిఫ్ట్ పనిచేస్తోందా?" అని యాప్‌లోనే మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో హోస్ట్, అంటే ఆ ఇల్లు అద్దెకిచ్చే మనిషి, ఫోన్ చేశాడు. "లిఫ్ట్ ఉంది మేడమ్, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడతను. ఎంత బాగా మాట్లాడాడో అనుకున్నాను. ఇంట్లో అందరికీ చెప్పాను కూడా.

చేరేసరికి రాత్రి పది దాటింది. లిఫ్ట్ నిజంగానే ఉంది. దాని తలుపు మీద "మరమ్మతులో ఉంది" అని ఒక కాగితం అంటించి ఉంది. సిరా వెలిసిపోయింది, అంచులు పచ్చబడి లోపలికి ముడుచుకుపోయాయి. కింది వాటాలో ఉన్నావిడను అడిగితే "మేం ఈ ఇంట్లో దిగినప్పటి నుంచీ అంతేనమ్మా" అంది.

మొత్తం 54 మెట్లు. అమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, ఒక కాలు పైమెట్టు మీద పెట్టి, రెండో కాలు దాని పక్కకే తెచ్చుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టేది. మలుపు వచ్చినప్పుడల్లా మెట్టు మీద కూర్చునేది. ఆ మెట్ల దగ్గర దీపం స్విచ్ నొక్కితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోయే రకం. అమ్మ నాలుగు మెట్లు ఎక్కేలోపే చీకటి. మా అక్క కొడుకు పైకీ కిందికీ పరుగెత్తి ప్రతిసారీ స్విచ్ నొక్కుతూ ఉన్నాడు. అమ్మ ఒక్కమాట కూడా అనలేదు. పైకి వెళ్లి మంచం మీద కూర్చున్నాక మాత్రం, "రేపు మీరంతా వెళ్లి చూసి రండమ్మా, నేను ఇక్కడే ఉంటాను" అంది. ఉన్న మూడు రోజులూ ఇల్లు కదల్లేదు. సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి బాల్కనీలో కుర్చీ వేసుకుని రోడ్డు వైపు చూస్తూ కనిపించేది. ఆ దృశ్యం నాకిప్పటికీ కళ్లముందు నుంచి పోవడం లేదు. సెలవు పెట్టుకున్నదే అమ్మ కోసం.

ఇంటికొచ్చాక ఫిర్యాదు చేశాను. సైటు పేరు వద్దు లెండి. నా మెసేజ్ కనిపిస్తోంది కానీ దానికి హోస్ట్ ఇచ్చిన జవాబు కనిపించడం లేదన్నారు. నిజమే, జవాబు ఫోన్లో వచ్చింది కదా! పైగా ఫిర్యాదు గడువు దాటిపోయిందన్నారు. ఇలాంటి గడువు చాలాచోట్ల ఉంటుంది, ఎయిర్‌బీఎన్‌బీ అనే ఇళ్ల అద్దె సైటులోనైతే సమస్య తెలిసిన 72 గంటల్లోపు చెప్పాలి. సెలవు పాడవుతుందని అక్కడ ఉన్నన్నాళ్లూ ఊరుకుని, ఇల్లు చేరాక తీరిగ్గా రాసే నాలాంటి వాళ్లందరికీ అక్కడే దెబ్బ. మీరు మాత్రం తలుపు తీసిన పది నిమిషాల్లో ఫొటోలు తీసి, ఆ రాత్రే యాప్‌లో రాసేయండి. తర్వాత పడుకోండి.

రివ్యూలు చూడలేదా అంటారేమో. చూశాను. ఒకాయన "పైకి చేరాక వచ్చే గాలికి అలసటంతా ఎగిరిపోతుంది" అని రాశాడు. నేను గాలి గురించి చదివాను, అలసట ఎందుకొచ్చిందో ఆలోచించలేదు. అతిథులు మొహమాటస్తులు. ఎయిర్‌బీఎన్‌బీలో హోస్ట్, అతిథి ఇద్దరూ ఒకరి గురించి ఒకరు రాసేదాకా, లేదంటే 14 రోజుల గడువు ముగిసేదాకా ఒకరి రివ్యూ ఇంకొకరికి కనపడదు. అంటే భయపడాల్సిన పనే లేదు. అయినా మన పేరు, ఫొటో అక్కడ ఉంటాయి, రేపు ఇంకో ఇంటివాళ్లు చదువుతారన్న జంకుతో అందరూ తీపిగానే రాస్తారు. అందుకే అయిదు నక్షత్రాల రివ్యూలు నేను చదవడం మానేశాను. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు కోపంలో ఉంటారు. నిజం చెప్పేది మూడు, నాలుగు ఇచ్చినవాళ్లే. వాళ్లలోనూ పెద్దవాళ్లతోనో చంటిపిల్లలతోనో వెళ్లినవాళ్లు రాసింది వెతకండి, అదీ ఈ ఆర్నెల్లలో రాసింది.

ఇంకో మాట. నాకు ఫోన్ చేసినతను ఆ ఇంటి యజమాని కాదు. ఎవరెవరివో ఇళ్లు తీసుకుని నడిపించే మనిషి. అతని ప్రొఫైల్‌లో ఇళ్లు లెక్కపెడితే 30 పైనే ఉన్నాయి. ఆ మెట్లు అతను ఎప్పుడైనా ఎక్కాడో లేదో! 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇద్దరు కుర్రాళ్లు అద్దె కట్టలేక తాము ఉంటున్న ఇంట్లోనే గాలి పరుపులు వేసి అతిథుల్ని పెట్టుకోవడంతో ఎయిర్‌బీఎన్‌బీ కథ మొదలైంది. ఇంటివాళ్లు ఇంట్లోనే ఉన్నారు కాబట్టి ఏ కుళాయి కారుతుందో వాళ్లకు తెలుసు. ఇప్పుడు చాలా ఇళ్లకు అలాంటి మనిషే లేడు. అందుకే హోస్ట్ పేరు నొక్కి, ఎన్ని ఇళ్లు నడుపుతున్నాడో చూడండి. ఒకటో రెండో ఉన్నవాళ్లకు నేను కళ్లు మూసుకుని ఓటేస్తాను.

ఫొటోల్లో ఉన్నదాన్ని కాదు, లేనిదాన్ని చూడండి. ప్రతి గదినీ మూలన నిలబడి వైడ్ లెన్స్‌తో తీస్తారు, అగ్గిపెట్టె కూడా హాల్లా కనిపిస్తుంది. మెట్లు, గేటు, బయటి దారి ఎవరూ పెట్టరు. బాత్‌రూమ్ ఫొటోలో అద్దం, సబ్బు తప్ప నేల కనపడకపోతే, అక్కడ గడప ఎత్తుగా ఉందనో, టబ్‌లోకి కాలెత్తి దిగాలనో నేను అనుకుంటాను. నా అనుమానం ఇంతవరకూ తప్పలేదు. మ్యాప్‌లోనూ చాలావరకు ఒక వృత్తమే చూపిస్తారు, కచ్చితమైన చిరునామా బుక్ చేశాకే వస్తుంది. కాబట్టి బండి గుమ్మం దాకా వస్తుందా అన్నది అడిగే తెలుసుకోవాలి.

డబ్బు గురించి పెద్దగా చెప్పను. రాత్రికి ఇంత అన్న అంకె చూసి మురిసిపోకండి. క్లీనింగ్ ఫీజు ఒక రాత్రికైనా వారానికైనా తరచుగా ఒకటే, కాబట్టి తక్కువ రోజులుండేవాళ్లకే భారం. అమెరికాలో 2025 మే నుంచి ఇలాంటి తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరే ముందు చూపాలని నిబంధన తెచ్చారు. అన్నిచోట్లా అలా లేదు, చివరి పేజీ దాకా వెళ్లి మొత్తం చూడండి. ఫీజు కట్టించుకుని, వెళ్లేముందు దుప్పట్లు ఉతకండి, చెత్త పారేయండి అని జాబితా ఇచ్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇంటి నియమాల్లో అదీ రాసి ఉంటుంది, బుక్ చేయకముందే చదవండి.

ఊరి నిబంధనలు కూడా ఒకసారి చూడండి. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి, 30 రోజులకు తక్కువ బసకైతే హోస్ట్ నమోదు చేసుకుని, తానూ ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి అతిథులు కుదరరు. మీ ఆరుగురూ అక్కడికైతే ఇక ఆలోచించక్కర్లేదు, హోటలే. బార్సిలోనా 2028 కల్లా పర్యాటకుల ఫ్లాట్ల లైసెన్సులన్నీ ఆపేస్తామని ప్రకటించింది. లైసెన్సు తప్పనిసరైన ఊళ్లో ఆ నంబర్ లేని ఇల్లు చూస్తే, సగం దారిలో బుకింగ్ రద్దవుతుందేమోనన్న భయం నాకుంటుంది.

ఇంత జరిగినా ఇళ్లు తీసుకోవడం మేం మానలేదు. హోటల్లో మూడు గదులు తీసుకుంటే అమ్మ ఒక గదిలో ఒంటరిగా పడుకోవాలి. ఇంట్లోనైతే రాత్రి అందరం ఒకే హాల్లో కూర్చుని మాట్లాడుకుంటాం. మొన్న ఇంకో ఇంటికి ఇలా రాశాను: "గేటు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లున్నాయి? కమ్మీ ఉందా? బాత్‌రూమ్ గడప ఎంత ఎత్తు?" ఆవిడ ఫోన్ చేస్తే, "ఇదే మెసేజ్‌లో పెట్టండి, మావాళ్లకు చూపించాలి" అన్నాను. ఏమీ అనుకోలేదు. గేటు దగ్గర మొదలుపెట్టి మంచం దాకా నడుస్తూ చిన్న వీడియో తీసి పంపింది. నాలుగు మెట్లు, కుడివైపు కమ్మీ. అమ్మకు చూపిస్తే రెండుసార్లు చూసి, "దీనికైతే వస్తాను" అంది.

మీకు నచ్చిన ఇళ్లలో మూడింటికి ఈ రాత్రే ఆ మూడు ప్రశ్నలూ పంపండి. మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, మీకు తట్టనివి ఇంకో రెండు ఆవిడే చెబుతారు.