పాత సారణుల పుస్తకం చేతికొస్తే

అమలాపురం

చి. భవానికి, మావయ్య ఆశీస్సులు.

అటక మీంచి దింపిన తాటాకుల కట్ట, దాంతోపాటున్న లాగరిథమ్ పుస్తకం ఫొటోలు చూశాను. అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానన్నావు. ఎక్కించు, కాని ముందు కట్టలోని ఆ సారణి, అంటే పంచాంగపు లెక్కల అంకెల పట్టిక, ఏ ఏడు మొదలు కట్టారో, ఏ ఊరికి కట్టారో తేల్చుకో. అవి రెండూ తెలియకపోతే నువ్వెంత కష్టపడి ఎక్కించినా ఆ అంకెలతో ఎవరూ ఏమీ చేయలేరు.

ఈ వానలు తగ్గేదాకా కట్ట విప్పకు. మన కోనసీమ తేమకి ఆకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, లాగితే పొర లేచిపోతుంది. అలాగని ఎండలో పెట్టావంటే పెళుసెక్కి విరుగుతాయి. తడిగుడ్డ వద్దు, మెత్తటి పొడి బ్రష్షు చాలు. మసి పోయి గంటపు గీత మాత్రమే మిగిలినచోట గది చీకటి చేసి, టార్చిలైటు పక్కవాటుగా వేసి ఫొటో తియ్యి. గాడిలో నీడ పడి అంకె కనిపిస్తుంది. మళ్లీ మసి పూయడం చెయ్యి తిరిగినవాళ్ల పని, నువ్వు దాని జోలికి పోకు.

ఏడు సంగతి. శకం, అంటే శాలివాహన శక సంవత్సరం, తరచు అంకెలకు బదులు మాటల్లో ఉంటుంది. ‘గుణ బాణ రస భూ’ అని ఉందనుకో: గుణాలు 3, బాణాలు 5, రసాలు 6, భూమి 1. కుడి నుంచి ఎడమకు చదవాలి, కాబట్టి శకం 1653. దానికి 78 కలిపితే క్రీ.శ. 1731, జనవరి నుంచి ఉగాది దాకా అయితే 79 కలపాలి. సంవత్సరం పేరు కూడా రాసి ఉంటే సరిచూసుకో. 1987 ప్రభవ కాబట్టి 1747 కూడా ప్రభవే. దానికి 16 ఏళ్లు వెనక్కి వెళితే విరోధికృతు రావాలి. వేరే పేరుంటే శకం తప్పు చదివావన్నమాట.

ఊరు తేలేది చరఖండాల దగ్గర, అంటే ఆ ఊళ్లో పగలు ఎంత హెచ్చుతగ్గులవుతుందో చెప్పే మూడు అంకెల దగ్గర. విషువత్తు నాడు, అంటే పగలూ రాత్రీ సమానమైన రోజు, మధ్యాహ్నం 12 అంగుళాల శంకువు (నిలువుగా పాతిన పుల్ల) నీడే పలభ. అమలాపురం అక్షాంశం సుమారు 16 డిగ్రీల 35 నిమిషాలు, కాబట్టి మన పలభ దాదాపు 3 అంగుళాల 34 వ్యంగుళాలు (అంగుళంలో అరవయ్యో వంతు వ్యంగుళం). దాన్ని 10తో, 8తో, పదిలో మూడోవంతుతో హెచ్చవేస్తే దాదాపు 36, 29, 12 విఘడియలు (విఘడియ అంటే 24 సెకన్లు) వస్తాయి. మూడూ కూడితే 77, అంటే అరగంట. ఏడాదిలో అతి పెద్ద పగటిలో సగం ఆరు గంటల మీద అరగంట హెచ్చు, మొత్తం పగలు 13 గంటలు. మన సీమకు సరిపోయింది. కాశీకి కట్టిన సారణిలో ఇవే 57, 45, 19 దరిదాపుల్లో ఉంటాయి. అక్కడి సారణిని ఇక్కడ నకలు రాసుకుని వాడుకోవడం మామూలే, కాబట్టి కట్ట మనింట్లో దొరికిందని లెక్క కూడా మన ఊరిదే అనుకోవద్దు.

ఇక ఎక్కించేటప్పుడు రాశి, భాగ (డిగ్రీ), కళ (భాగలో అరవయ్యో వంతు), వికళ (కళలో అరవయ్యో వంతు) దేని గడి దానిదే. 5 అంగుళాల 41 వ్యంగుళాలని 5.41 అని కొట్టావో, లెక్క పోయినట్టే. అది 5.683. 5-41 అని కొడితే కంప్యూటర్ దాన్ని తేదీ చేసి కూర్చుంటుంది.

అసలు పని భేదాలు తియ్యడం. ప్రతి అంకెలోంచి దాని ముందు అంకెను తీసేసి పక్క గడిలో వేసుకో. 3 భాగల 45 కళలకొకటి చొప్పున 24 జ్యాలు (ఇప్పటి సైన్ విలువల లాంటివి) ఉంటాయి కదా, ఆర్యభటుడి 499 నాటి లెక్క: 225, 449, 671, 890, 1105. భేదాలు 225, 224, 222, 219, 215, నెమ్మదిగా తగ్గుతూ పోతాయి. నీ ప్రతిలో 890 బదులు 860 ఉందనుకో, భేదాలు 189, 245 అవుతాయి. ఒకటి 30 తగ్గింది, తర్వాతది 30 పెరిగింది. పక్కపక్కన అంతే తగ్గి అంతే పెరిగితే మధ్య అంకె ఒక్కటే చెడింది, నకలు రాసినవాడి పొరపాటో నీ పొరపాటో. ౬, ౯ దగ్గర, ౨, ౩ దగ్గర, తోక చెరిగిన ౧ ౦లా కనిపించే చోట ఎక్కువ జరుగుతుంది. అలా కాకుండా ఒక్క భేదమే చెడి, కింద అంతా సవ్యంగా ఉంటే, అక్కణ్ణుంచి అంకెలన్నీ ఒకే మొత్తం జరిగాయి. అది లెక్క కట్టినవాడు కూడికలో చేసిన తప్పు. దాన్ని దిద్దకు, ఈ ప్రతి ఏ ప్రతికి నకలో పట్టించేవి అలాంటి తప్పులే. భేదం 1 మేర అటూ ఇటూ ఊగితే అది తప్పే కాదు, దగ్గరి పూర్ణాంకానికి సర్దడం. ప్రతిలో ఉన్నది ఒక గడిలో, నీకు సరి అనిపించింది వేరే గడిలో, కారణం మూడో గడిలో రాయి.

లాగరిథమ్ పుస్తకానికి ఇంత తతంగం లేదు. అచ్చు పుస్తకం, ఏడు ముందు పేజీలోనే ఉంటుంది. లాగరిథమ్‌లు కూడితే వాటి సంఖ్యలు హెచ్చవేసినట్టే కదా, 2కి 0.3010, 3కి 0.4771 కూడితే 0.7781, పుస్తకంలో 6కి 0.7782 ఉంటుంది. కంగారు పడకు, అదీ సర్దుబాటే. 1తో మొదలయ్యే సంఖ్యల పేజీలు బాగా నలిగి మాసి ఉంటాయి. అన్ని పుస్తకాల్లోనూ అంతే, 1881లోనే అమెరికా ఖగోళ శాస్త్రవేత్త సైమన్ న్యూకూంబ్ ఈ సంగతి గమనించి రాశాడు. ఆ పేజీలు ముందు ఫొటో తియ్యి.

అడుగున ఉన్న అచ్చు పంచాంగంలో గడియారపు టైము వేసి ఉంటే, ఇప్పటి భారత టైము మొదలైన 1906 జనవరి 1కి ముందుదో తర్వాతదో చూసుకో. ముందుదైతే అది మద్రాసు టైము కావచ్చు, ఇప్పటి టైముకు 9 నిమిషాలు వెనక. మన స్థానిక కాలమైతే 2 నిమిషాలే వెనక.

చరఖండాల ఆకు ఫొటో ఇంకోసారి తీసి పంపు. మొదటి రెండంకెలూ పురుగు తినేసింది, మూడోది ౧౨నో ౧౯నో ఆ ఫొటోలో తేలడం లేదు.

ఇట్లు,
మావయ్య