ఈ వయసులో కరాటేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ముందుకు వంగితే వేళ్లు పాదాలకు అందవు. మా అబ్బాయితో పాటు కరాటేలో చేరాలని ఉంది. కాస్త ఒళ్లు వంగడం అలవాటయ్యాక చేరితే మేలంటారా?

జవాబు: ఇప్పుడే చేరండి. ఒళ్లు వంగేది క్లాసులోనే. మొదట్లో కిక్ నడుము ఎత్తుకు లేస్తే చాలు, తల దాకా లేపమని మంచి మాస్టరెవరూ అడగరు.

మీలాంటివాళ్లకు ముందుగా దక్కేది కాళ్ల బలం, నిలకడ. మొదటి వారాల్లోనే నేర్పే ‘జెన్‌కుత్సు దాచి’ అనే నిలబడే భంగిమనే తీసుకోండి. పాదాల మధ్య అడ్డంగా భుజాలంత ఎడం, ముందు మోకాలు వంచి, వెనక కాలు చాచి, ఒంటి బరువులో సుమారు 60 శాతం ముందు కాలి మీద వేయాలి. అలాగే అడుగులేస్తూ హాలు ఆ చివరికి వెళ్లొస్తే తొడలు మండిపోతాయి. కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన తుంటి ముందు కండరాలు వెనక కాలు చాచినప్పుడల్లా సాగుతాయి. మీ ఉద్యోగానికి ఇంతకన్నా సరిపడే వ్యాయామం వెతకనక్కర్లేదు.

ఇక్కడే ఓ తప్పు జరుగుతుంది. అలసట రాగానే ముందు మోకాలు లోపలికి వాలుతుంది, నొప్పి మొదలవుతుంది. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూసే వైపే ఉండాలి. వెనక మడమ లేస్తోందంటే అడుగు మరీ పెద్దదైనట్టు, తగ్గించండి.

తర్వాత కటాలు, అంటే వరుసగా ఒంటరిగా చేసే కదలికల క్రమాలు. షోటోకాన్ అనే కరాటే శైలిలో తొలిదశలో నేర్పే హెయాన్ షోడాన్ అనే కటాలో 21 కదలికలుంటాయి. వరుస గుర్తుంచుకుంటూ, దిశ మారినప్పుడల్లా తూలకుండా నిలబడాలి. ఒంటితో పాటు బుర్రకూ పని.

ఆత్మరక్షణ మాత్రం నెలల్లో వచ్చేది కాదు. ఎదురుగా మనిషి ఉండి చేసే కుమితే సాధన చాలాకాలం కావాలి. మోకాలి, నడుము నొప్పులో, బీపీనో ఉంటే డాక్టరునడిగి, మాస్టరుకూ ముందే చెప్పండి.

ప్రశ్న: చేరి నెలైంది. ప్యాడ్ మీద పంచ్ కొడితే మణికట్టు నొప్పి పుడుతోంది. ఎందుకు?

జవాబు: దెబ్బ తగిలే క్షణంలో మణికట్టు మడత పడుతోంది. నాలుగు వేళ్లూ చివర్ల నుంచి గట్టిగా ముడిచి, బొటనవేలిని బయటి నుంచి చూపుడు, మధ్య వేళ్ల మీదుగా అడ్డంగా నొక్కండి. బొటనవేలు లోపల పెడితే దానికే దెబ్బ. ప్యాడ్‌కు తగలాల్సినవి చూపుడు, మధ్య వేళ్ల కణుపులే. ముంజేయి, చేతి వెనక భాగం ఒకే గీతలో ఉండాలి. పిడికిలిని ప్యాడ్‌కు ఆనించి మెల్లగా నెట్టి చూడండి, మణికట్టు ఎటు వంగుతోందో తెలిసిపోతుంది. నొప్పి పూర్తిగా తగ్గేదాకా గాలిలోనే కొట్టండి. వాపు ఉంటే సాధన ఆపి డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: షోటోకాన్, గోజు-ర్యూ, షిటో-ర్యూ, వాడో-ర్యూ... వీటిలో ఏది ఎంచుకోవాలి?

జవాబు: కొత్తవాళ్లకు శైలికన్నా మాస్టరే ముఖ్యం. చేరకముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి. వార్మప్ చేయిస్తున్నారా, వెనక వరుసలో ఉన్న వైట్ బెల్టుల (కొత్తవాళ్ల) దగ్గరికి వెళ్లి నిలబడే భంగిమ సరిచేస్తున్నారా, స్పారింగ్‌లో (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనలో) గ్లవ్స్, మౌత్‌గార్డ్ వేయిస్తున్నారా గమనించండి. కొత్తవాళ్లను మొదటి వారమే స్పారింగ్‌కు దింపే చోట చేరొద్దు.